ఇనుము సూపర్ కండక్టర్లలో ఎలక్ట్రాన్ కోరిలేషన్ ఎక్కువా, తక్కువా? సెమినార్‌లో నోరు పెగల్లేదు

వంశధార_గుణుపురం అడిగారు:

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు బరంపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్ ఇంగ్లిష్‌లో. తెలుగు రాయడం మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన శుక్రవారం నా సెమినార్ అయింది. విషయం ఇనుము ఆధారిత అతివాహకాలు, అంటే బాగా చల్లబరిస్తే కరెంటును ఏ అడ్డూ లేకుండా పారనిచ్చే సూపర్ కండక్టర్లు. 1911లో కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో 4.2 కెల్విన్ దగ్గర చూసినదాంతో మొదలుపెట్టాను. 1986లో బెడ్నోర్జ్, ముల్లర్‌ల రాగి ఆక్సైడ్లు చెప్పాను. 2008లో జపాన్‌లో హొసోనో బృందం లాంథనం, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్ ఉన్న పదార్థంలో కొంత ఆక్సిజన్ తీసి ఫ్లోరిన్ పెట్టి 26 కెల్విన్ తెచ్చారనీ, కొద్ది నెలల్లోనే లాంథనం బదులు సమేరియం పెట్టి ఇంకొకరు 55 దాకా వెళ్లారనీ చెప్పాను. అందరూ తలూపుతున్నారు. నాకూ ధైర్యం వచ్చింది.

తొమ్మిదో స్లైడ్ మీద "ఎలక్ట్రాన్ కోరిలేషన్లు: బలహీనం" అని పెద్ద అక్షరాలతో రాశాను. కోరిలేషన్ అంటే ఒక ఎలక్ట్రాన్ కదలిక మిగిలినవాటి మీద ఆధారపడటం. కారణం కూడా చెప్పాను. రాగి ఆక్సైడ్లలో డోపింగ్ చేయని, అంటే వేరే మూలకం కొంచెం కలపని పదార్థం మాట్ ఇన్సులేటర్. అంటే బ్యాండ్ లెక్క (ఎలక్ట్రాన్ల తోపులాటను పెద్దగా పట్టించుకోని మామూలు లెక్క) ప్రకారం కరెంటు పారాలి, కానీ ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుని ఎక్కడివి అక్కడే ఆగిపోతాయి. ఇనుము వాటిలో డోపింగ్ చేయని పదార్థం లోహమే. కాబట్టి ఇక్కడ తోపులాట తక్కువ. ఇంత తేలిగ్గా చెప్పేశాను.

వెనక కూర్చున్న సర్ ఒకరు అడిగారు: "పొటాషియం ఐరన్ ఆర్సెనైడ్ స్పెసిఫిక్ హీట్ చూశావా?" అదీ ఈ కుటుంబంలోదే. చూడలేదు. "చూడకుండా బలహీనం అని ఎలా రాశావు?" అన్నారు. కోప్పడలేదు, మామూలుగానే అడిగారు. కానీ నాకు గొంతు ఎండిపోయింది. మిగిలిన స్లైడ్లు ఎలా చూపించానో గుర్తు లేదు.

రాత్రి హాస్టల్‌లో కూర్చుని ఒక పేపర్‌లోని పాయింట్లు చదివి గ్రాఫ్ కాగితం మీద దించాను. అడ్డం టెంపరేచర్ స్క్వేర్, నిలువు స్పెసిఫిక్ హీట్‌ని టెంపరేచర్‌తో భాగిస్తే వచ్చేది. అది 3.5 కెల్విన్ కింద సూపర్ కండక్టర్ అవుతుంది కాబట్టి 4 పైనుంచి ఉన్న పాయింట్లే తీసుకున్నాను. స్కేలు పెట్టి గీత గీసి ఎడమకు పొడిగిస్తే నిలువు గీతకు ఇంచుమించు 100 మిల్లీజౌల్ దగ్గర తగిలింది. రెండోసారి పెన్సిల్ చెక్కి మళ్లీ గీశాను. అక్కడే. ఈ అంకె ఎంత పెద్దదైతే ఎలక్ట్రాన్ అంత బరువు అన్నమాట. రాగి తీగలో ఇది 0.7. ఇదే పదార్థానికి బ్యాండ్ లెక్క ఇచ్చేది ఆ వందలో పదో వంతు చుట్టుపక్కల. అంటే లోపల తిరిగే ఎలక్ట్రాన్ బ్యాండ్ లెక్క చెప్పినదానికంటే దాదాపు పది రెట్లు బరువుగా ప్రవర్తిస్తోంది. దీన్ని బలహీనం అని ఎలా అంటాను?

నా సందేహాలు ఇవి. అంత బరువెక్కితే ఇన్సులేటర్ ఎందుకు కాలేదు, లోహంగానే ఎందుకు మిగిలింది? కోరిలేషనే ఎలక్ట్రాన్లను జతలు కట్టించి సూపర్ కండక్టర్ చేస్తుందంటారు కదా, మరి ఇంత బరువైన దానికి 3.5 కెల్వినే ఎందుకు?

ఇంకొకటి. ఇంగ్లిష్‌లో చదువుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది. మా అమ్మ "ఏం చదువుతున్నావే" అని అడిగితే చెప్పలేకపోతున్నాను. మాటల్లో చెప్పగలిగితేనే నాకు వచ్చినట్టు. బుధవారం వైవా ఉంది. టెన్షన్‌గా ఉంది. ఎవరైనా సాయం చేయండి.

---

తెరుబలి_ఫర్నేస్ రాశారు:

నేను ఫెర్రో క్రోమ్ ఫర్నేస్ దగ్గర షిఫ్టు చేసేవాణ్ని. డిప్లొమా చదువు. అమ్మాయి అడిగినదానికి జవాబు నాకు తెలీదు గానీ, నాకొక అనుమానం ఉంది, ఇక్కడే అడిగేస్తాను. ఇనుము అంటేనే అయస్కాంతం. సూపర్ కండక్టర్‌కీ అయస్కాంతానికీ పడదని మా మాస్టారు చెప్పారు. మరి ఇనుముతో సూపర్ కండక్టర్ ఎలా అయింది? పెద్దలు చెబితే వింటాను.

---

కిమిడి_మాస్టారు రాశారు:

అమ్మా, ముందు నీకు ఒక మాట. చూడని దాన్ని చూడలేదని ఒప్పుకుని, అదే రాత్రి గ్రాఫ్ కాగితం తీసుకుని కూర్చున్నావు చూడు, అది నాకు చాలా సంతోషంగా ఉంది. నేను ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. పర్లాకిమిడిలో ఉంటాను. చేత్తో గీత గీసి చూసుకున్న అంకె జీవితాంతం మరిచిపోవు.

తెరుబలి తమ్ముడికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అసలు కథ అక్కడే మొదలవుతుంది. మీ మాస్టారు చెప్పింది నిజమే. మామూలు సూపర్ కండక్టర్‌లో ఎదురెదురు స్పిన్‌లు (స్పిన్ అంటే ఎలక్ట్రాన్‌కు ఉండే చిన్న అయస్కాంతం లాంటి గుణం) ఉన్న రెండు ఎలక్ట్రాన్లు జతకడతాయి. పక్కన అయస్కాంత అణువు (ఆటమ్) ఉంటే ఒకదాన్ని ఒకవైపు, రెండోదాన్ని ఇంకోవైపు లాగి జతను విడగొడుతుంది. అందుకే ఇనుమును దగ్గరకు రానిచ్చేవాళ్లు కాదు. అలాగని అసాధ్యమేమీ కాదు. 2001లో స్వచ్ఛమైన ఇనుమునే సుమారు లక్షన్నర నుంచి మూడు లక్షల వాతావరణాల ఒత్తిడిలో నలిపితే 2 కెల్విన్ దగ్గర సూపర్ కండక్టర్ అయింది. ఆ ఒత్తిడిలో దాని స్ఫటికం మారిపోయి అయస్కాంత గుణం పోతుంది. హొసోనో గారి బృందం కూడా మొదట వెతికింది సూపర్ కండక్టర్ కోసం కాదు, అయస్కాంత గుణం ఉన్న సెమీకండక్టర్ కోసం. ఆ వెతుకులాటలో 2006లో ఫాస్ఫరస్ ఉన్న పదార్థంలో 4 కెల్విన్ దగ్గర మొదటిది దొరికింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రెండేళ్లకు ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్ పెట్టాక ప్రపంచమంతా అటు తిరిగింది.

ఈ పదార్థాల్లో అయస్కాంతం శత్రువు కాదు, దాని కదలికలే జతకట్టించే జిగురు అని ఎక్కువమంది నమ్మకం. ఎందుకంటే మామూలు పద్ధతిలో, అంటే అణువుల కంపనాల వల్ల జతలు కడుతున్నాయని లెక్క వేస్తే మొదటి లాంథనం పదార్థానికి 1 కెల్విన్ కూడా రావడం లేదు. కొలిస్తే 26.

ఇప్పుడు నీ ప్రశ్న. తల్లీ, నువ్వు "బలం" అనే మాటకు ఒకటే అర్థం తీసుకున్నావు. తోపులాట. దాన్ని యూ అంటాం. ఒకే గదిలోకి, అంటే ఒకే ఆర్బిటాల్‌లోకి, రెండో ఎలక్ట్రాన్ వస్తే పడే శక్తి ఖర్చు. రాగి ఆక్సైడ్లో ఆ ఒక్కటీ చాలు, ఎందుకంటే అక్కడ లెక్కలోకి వచ్చే గది ఒకటే, అందులో ఉండేది ఒకటే ఎలక్ట్రాన్. ఇనుములో అలా కాదు. అయిదు డీ గదులు, ఆరు ఎలక్ట్రాన్లు. అయిదు గదులుంటే పక్క అణువుకు పోయే దార్లు కూడా ఎక్కువ. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి. అందుకే యూ ఒక్కటీ వీటిని ఆపలేదు, లోహంగా మిగిలాయి. అక్కడిదాకా నువ్వు చెప్పింది సరే.

నువ్వు వదిలేసింది రెండో అంకె. దాని పేరు జే. హుండ్ గారి నియమం ఇంటర్‌లోనే చదివి ఉంటావు. ఒకే అణువులోని ఎలక్ట్రాన్లు వీలైనంతవరకు వేరువేరు గదుల్లో, ఒకే వైపు స్పిన్‌తో ఉండటానికి ఇష్టపడతాయి. ఆ ఇష్టం ఎంత గట్టిదో జే చెబుతుంది. ఇనుములో అది 0.4 ఎలక్ట్రాన్ వోల్టు దగ్గర, యూ లో పదో వంతు. చిన్న అంకె కదా అని మొదట్లో దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. 2009లో హౌలే, కోట్లియార్ లెక్క వేసి చూపించారు. ఈ పదార్థాల్లో యూని కొంచెం అటూ ఇటూ మార్చినా పెద్ద తేడా రాదు. జే తీసేస్తే మాత్రం బరువంతా పోయి మామూలు లోహం అయిపోతుంది. 2011లో యిన్ గారితో కలిసి రాసిన పేపర్ నుంచి వీటికి "హుండ్ లోహాలు" అనే పేరు స్థిరపడింది.

మీ అమ్మగారికి ఎలా చెప్పాలి? మహేంద్రతనయ దాటి పాతపట్నం వైపు వెళ్తే పండగలకు తప్పెటగుళ్లు ఆడతారు. మీ అమ్మగారు చూసే ఉంటారు. ఛాతీకి రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు, పదిహేను ఇరవైమంది గుండ్రంగా తిరుగుతూ ఒకటే దరువు. ఇప్పుడు ఒక ఇనుప అణువును ఒక జట్టు అనుకో. అందులో అయిదుగురు ఒకటే దరువు వేస్తున్నారు. హుండ్ నియమం అంటే అదే. మైదానం నిండా అలాంటి జట్లు, పక్కపక్కనే. ఏ జట్టు దరువు ఆ జట్టుది. ఒక ఆటగాడు ఈ జట్టులోంచి పక్క జట్టులోకి దూరాలి. అడ్డుగోడ లేదు, చోటూ ఉంది. కానీ ఆ జట్టు దరువు వీడి దరువుతో కలవకపోతే? కలిపే దాకా ఆగాలి, లేదా వాళ్ల దరువు చెడగొట్టాలి. అడుగడుగునా అదే. ఆగిపోడు, నడుస్తూనే ఉంటాడు, కానీ చాలా నెమ్మదిగా. నీ గ్రాఫ్‌లో 100 దగ్గర తగిలిన గీత ఆ నెమ్మది.

వేడిగా ఉన్నప్పుడు దరువులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. అప్పుడు ఇవి చెడ్డ లోహాలు. బేరియం ఐరన్ ఆర్సెనైడ్ గది ఉష్ణోగ్రతలో రాగి కంటే వందల రెట్లు ఎక్కువ అడ్డుకుంటుంది. బాగా చల్లబరిస్తే నెమ్మదిగా పొంతన కుదిరి, బరువైనా క్రమంగా నడిచే ఎలక్ట్రాన్లు కనిపిస్తాయి. పొటాషియం దానిలో ఈ మార్పు సుమారు 100 కెల్విన్ దగ్గర తెలుస్తుంది.

ఈ పోలిక ఇక్కడి వరకే. స్పిన్ అనేది తప్పెట కాదు, అది ఒక దరువు పట్టుకుని కూర్చోదు, రెండూ కలిసిన స్థితిలో కూడా ఉంటుంది. వైవాలో సర్ ముందు తప్పెటగుళ్లు చెప్పినా, తర్వాత వెంటనే యూ, జే చెప్పు.

ఇక 3.5 కెల్విన్ ఎందుకో చూద్దాం. కాగితం తీసుకుని లెక్క వెయ్యి. బేరియం పదార్థంలో ఒక బేరియం, రెండు ఇనుములు, రెండు ఆర్సెనిక్‌లు. ఆర్సెనిక్ ఒక్కొక్కటి మూడు తీసుకుంటుంది, మొత్తం ఆరు. బేరియం రెండు ఇస్తుంది. మిగిలిన నాలుగు రెండు ఇనుములు ఇవ్వాలి, ఒక్కొక్కటి రెండు. ఇనుముకు ఎనిమిది ఉంటే ఆరు మిగిలాయి. ఇప్పుడు బేరియం తీసి పొటాషియం పెట్టు. అది ఒకటే ఇస్తుంది. ఇనుములు అయిదు ఇవ్వాలి, ఒక్కొక్కటి రెండున్నర. మిగిలింది అయిదున్నర. ఇనుము బదులు మాంగనీస్ పెడితే సరిగ్గా అయిదు, అది లోహమే కాదు, ఇన్సులేటర్. ఇనుము బదులు కోబాల్ట్ కలుపుతూ పోతే ఆరు దాటుతుంది, కోరిలేషన్ తగ్గుతుంది. ఒకే గీత మీద ఇవన్నీ కూర్చుంటాయి. అయిదుకు ఎంత దగ్గరైతే అంత బరువు.

జతకట్టడానికి బరువు ఒక్కటీ చాలదమ్మా. దరువుల కదలిక ఉండాలి, దాన్ని అందుకోవడానికి రెండు రకాల ఎలక్ట్రాన్ గుంపులు కూడా ఉండాలి. బేరియంలో నూటికి నలభై పాళ్లు పొటాషియం కలిపితే 38 కెల్విన్. అక్కడ ఫెర్మి తలం (కరెంటు మోసే ఎలక్ట్రాన్ల పటం) మధ్యలో హోల్ గుంపు, అంటే ఎలక్ట్రాన్ లేని ఖాళీల గుంపు, మూలల్లో ఎలక్ట్రాన్ గుంపు రెండూ ఉన్నాయి. పూర్తిగా పొటాషియం అయ్యేసరికి మూలల్లోని ఎలక్ట్రాన్ గుంపు మాయమైపోతుంది. బరువు పెరిగింది, జతకట్టే దారి పోయింది.

---

జయపురం_శ్రీను రాశారు:

మాస్టారు గారికి నమస్కారం. చెల్లెమ్మా, నేను కోరాపుట్ జిల్లా జయపురం వాణ్ని. ఈ పదార్థాల స్ఫటికాలు పెంచి, వాటి మీద ఫొటో ఎమిషన్ కొలతలు చేశాను. చిన్నప్పుడు మా ఇంటి దగ్గర రైలు పట్టాల మీద బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ వైపు పోతుంటే వ్యాగన్లు లెక్కపెట్టేవాణ్ని. అదే ఇనుము అయిదేళ్ల నా రీసెర్చ్ అవుతుందని అనుకోలేదు.

మాస్టారు సిద్ధాంతం చెప్పారు, నేను చేత్తో చూసింది చెబుతాను. బేరియం పదార్థం స్ఫటికాలు అభ్రకం రేకుల్లా ఉంటాయి, పొరలు పొరలుగా, అద్దంలా మెరుస్తూ. గోరంత ముక్కను వెండి జిగురుతో పట్టీకి అంటించి, దాని నెత్తిన చిన్న సిరామిక్ పుల్ల నిలబెడతాం. గాలి పూర్తిగా తీసేసిన గదిలోకి పంపాక బయటి నుంచి ఒక కడ్డీతో ఆ పుల్లను తట్టాలి. టక్కున పుల్ల పడిపోతుంది, పై పొర దాంతో లేచిపోతుంది. కింద ఇంతవరకూ గాలి తగలని కొత్త ముఖం. దాని మీద కాంతి వేస్తే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. ఏ కోణంలో ఎంత శక్తితో వచ్చాయో చూస్తే లోపలి బ్యాండ్లు, అంటే ఎలక్ట్రాన్ల శక్తి గీతలు, ఉన్నవి ఉన్నట్టు తెర మీద కనిపిస్తాయి.

మొదటిసారి అది చూసినప్పుడు లెక్కతో వేసిన బ్యాండ్లను దాని మీద పెట్టి చూశాను. కలవలేదు. లెక్కలోవి నిటారుగా ఉన్నాయి, కొలిచినవి పడుకున్నట్టు ఉన్నాయి. లెక్కను రెండు మూడు రెట్లు కుదిస్తే అప్పుడు దగ్గరకొచ్చాయి. ఆ కుదింపే నీ గ్రాఫ్‌లోని బరువు, ఇంకో కిటికీలోంచి.

కానీ నాకు అసలు ముఖ్యమనిపించింది వేరే. అన్ని బ్యాండ్లూ ఒకేలా కుదించలేం. అయిదు డీ గదుల్లో ఒకటుంది, డీ-ఎక్స్‌వై అంటాం. దాన్ని మిగిలినవాటికంటే ఎక్కువ కుదించాలి. ఐరన్ సెలీనైడ్, ఐరన్ టెల్యూరైడ్‌లలో ఈ తేడా ఇంకా పెద్దది. పొటాషియం కలిసిన ఐరన్ సెలీనైడ్‌ను వేడి చేస్తూ పోతే ఆ ఒక్క బ్యాండ్ తెర మీద మసకబారి పోతుంది, పక్కవి ఉంటూనే ఉంటాయి. అంటే ఒకే అణువులో ఒక గదిలోని ఎలక్ట్రాన్ ఆగిపోయినంత పని చేస్తుంటే, పక్క గదిలోది తిరుగుతోంది. ఇది 2013లో ప్రచురించారు. చెల్లెమ్మా, సెమినార్‌లో నువ్వు "బలహీనం" అన్నావు, సర్ "బలం" అన్నారనుకుంటా. రెండూ ఒకే పదార్థంలో, ఒకే అణువులో ఉన్నాయి. ఏ గది గురించి అడుగుతున్నారో ముందు తేల్చుకోవాలి.

మాస్టారి మాటకు ఒక చిన్న చేర్పు చెబుతాను, ఏమనుకోవద్దు. కోబాల్ట్ ఎక్కువ కలిపిన వైపు తోపులాట లేని పాత బ్యాండ్ చిత్రం చాలావరకు పనిచేస్తుంది. అయస్కాంతం విషయంలో కూడా రెండు వైపులా వాదన ఉంది. బేరియం పదార్థంలో న్యూట్రాన్లతో కొలిస్తే ఒక్కో ఇనుముకు 0.9 బోర్ మాగ్నెటాన్ (అణువుల అయస్కాంత బలానికి కొలమానం) దగ్గర వస్తుంది, ఐరన్ టెల్యూరైడ్‌లో 2. మొదటిది చూసినవాళ్లు "ఇది తిరిగే ఎలక్ట్రాన్ల అయస్కాంతం" అన్నారు, రెండోది చూసినవాళ్లు "అణువుకు అంటుకున్న అయస్కాంతం" అన్నారు. అతి తక్కువ సమయంలో చూసే ఎక్స్-రే కొలతలు వచ్చాక తేలింది ఏమిటంటే, బేరియం దానిలో కూడా అణువు దగ్గర పెద్ద అయస్కాంతమే ఉంది, కానీ క్షణక్షణం దిశ మారుతోంది. నిలకడగా మిగిలేది కొంచెమే, న్యూట్రాన్లకు కనబడేది అదే.

ఒక హెచ్చరిక. నువ్వు రీసెర్చ్‌లోకి వస్తే పొటాషియం దాన్ని పెంచాలని చూస్తావు. జాగ్రత్త. పొటాషియం ఆవిరి క్వార్ట్జ్ గొట్టాన్ని తినేస్తుంది. నేను మొదటిసారి ఒక పొర గొట్టంతోనే ఫర్నేస్‌లో పెట్టాను. మూడో రోజు తెల్లవారుజామున వెళ్లి చూస్తే గొట్టం గోధుమరంగులోకి తిరిగి సన్నని పగులు. లోపల ఆర్సెనిక్. ఫర్నేస్ ఆపి, తలుపు మూసి, గాలి లాగే ఫ్యాన్ వేసి బయట మెట్ల మీద కూర్చున్నాను. చేతులు వణికాయి. ఆ తర్వాత ఎప్పుడూ లోహపు గొట్టంలో మూసి, దాని చుట్టూ క్వార్ట్జ్ వేసి, రెండు పొరలు లేకుండా పెట్టలేదు. ఆరు నెలలు పోయాక మొదటి మంచి స్ఫటికం వచ్చింది, మూడు మిల్లీమీటర్లు. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

---

వంశధార_గుణుపురం రాశారు:

మాస్టారూ, శ్రీను అన్నయ్యా, తెరుబలి అన్నయ్యా, చాలా కృతజ్ఞతలు. రెండు రోజులుగా ఇదే చదువుతున్నాను. ఆర్సెనిక్ మూడు, బేరియం రెండు లెక్క నాలుగుసార్లు వేశాను. ఇంత తేలికైన కూడికలో ఇంత ఉందా అనిపించింది. తొమ్మిదో స్లైడ్ మార్చేశాను. ఇప్పుడు దాని మీద ఒక గీత, ఎడమ కొసన మాంగనీస్ 5, తర్వాత పొటాషియం 5.5, బేరియం 6, ఆ పైన కోబాల్ట్. కింద నా గ్రాఫ్ ఫొటో.

శనివారం ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ పుట్టిల్లు పాతపట్నం దగ్గరే, తప్పెటగుళ్లు అనగానే లేచి కూర్చుంది. చిన్నప్పుడు వాళ్ల చిన్నాన్న జట్టులో ఉండేవారట. మొత్తం విన్నాక ఒకటే అడిగింది: "అయిదుగురు ఒక దరువు అన్నావు. ఆరుగురు ఉన్నారన్నావు. మరి ఆ ఆరోవాడు ఏం చేస్తున్నాడే?"

నాకు జవాబు తెలీలేదు మాస్టారూ. ఆరోది ఎదురు స్పిన్‌తో ఉంటుందని తెలుసు. కానీ వాడు ఏం చేస్తున్నాడు?

---

కిమిడి_మాస్టారు రాశారు:

అమ్మా, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. మొత్తం విషయంలో అసలు ప్రశ్న ఆవిడే అడిగారు. నీ మొదటి సందేహం, ఇన్సులేటర్ ఎందుకు కాలేదన్నది, దానికి పూర్తి జవాబు కూడా ఇందులోనే ఉంది. నేను మొదట సరిగా చెప్పలేదు.

మాంగనీస్ జట్టు చూడు. అయిదుగురూ ఒకే దరువు. అందులో ఎవరు పక్క జట్టుకు పోవాలన్నా మిగిలిన నలుగురితో పొత్తు వదులుకోవాలి. నలుగురు, నాలుగు జేలు. అక్కడికి పోతే ఎవరి గదిలోనో దూరాలి, దానికి యూ. మొత్తం ఖర్చు యూ ప్లస్ నాలుగు జే.

ఇనుము జట్టులో పోయేవాడు ఆరోవాడు. వాడి దరువు ఇంట్లో ఎవరితోనూ కలవదు, ఎదురు దరువు. కాబట్టి వాడు వెళ్లిపోతే ఇంట్లో ఏ పొత్తూ పోదు. పక్క జట్టు దరువు కూడా మన అయిదుగురి దరువే అయితే, అక్కడ కూడా వీడిలాంటి ఎదురు దరువు ఆరోవాడు ఒకడు ఉన్నాడు. వీడు వెళ్లి వాడితో కలుస్తాడు. ఖర్చు తగ్గుతుంది. శక్తులన్నీ రాసి కూడితే యూ మైనస్ మూడు జే వస్తుంది. నువ్వు వేసి చూడు. ఒకే గదిలో ఇద్దరుంటే యూ, వేరు గదుల్లో ఎదురు స్పిన్ అయితే యూ మైనస్ రెండు జే, ఒకే స్పిన్ అయితే యూ మైనస్ మూడు జే. ఈ మూడే. అయిదు, ఏడు ఎలక్ట్రాన్ల శక్తులు కూడి, ఆరు ఎలక్ట్రాన్ల శక్తికి రెండు రెట్లు తీసెయ్యి.

యూ 4 ఎలక్ట్రాన్ వోల్టులు, జే 0.4 అనుకుని అంకెలు పెడితే మాంగనీస్‌కు 5.6, ఇనుముకు 2.8. సగం. ఆరోవాడు ఉన్నందుకే ఇనుములో తలుపు తెరిచి ఉంది. కానీ పక్క జట్టు దరువు ఎదురైతే? అక్కడి గదులన్నీ వీడి దరువు వాళ్లతో నిండిపోయి ఉంటాయి, ఒకే గదిలో ఒకే స్పిన్‌తో ఇద్దరు ఉండకూడదన్న పౌలీ నియమం వీణ్ని అడుగే పెట్టనివ్వదు. అందుకని తలుపు తెరిచే ఉంటుంది, పోయేవాడు మాత్రం ప్రతి గుమ్మం దగ్గరా ఆగి పోతాడు. ఒకే జే రెండు పనులూ చేస్తోంది, లోహంగా ఉంచుతోంది, బరువూ పెంచుతోంది.

బుధవారం బోర్డు మీద ఈ రెండు లెక్కలూ వేసి చూపించు. తప్పెటగుళ్లు తర్వాత చెప్పు, ముందు చెప్పకు.

---

వంశధార_గుణుపురం రాశారు:

వేశాను మాస్టారూ. ఆరు ఎలక్ట్రాన్లకు పదిహేను జతలు వచ్చాయి: పది ఒకే స్పిన్‌వి, నాలుగు ఎదురు స్పిన్‌వి, ఒకటి ఒకే గదిలోది. ఏడింటికి ఇరవై ఒకటి. కూడి తీసేస్తే అన్నీ కొట్టుకుపోయి ఒక్క జతే మిగిలింది, ఆరోవాడూ ఏడోవాడూ. యూ మైనస్ మూడు జే. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను, "అయితే వాడికి అక్కడ తోడు దొరికిందన్నమాట" అంది.